గరుసు మీద గడ్డి పరిపించిన దొరవారికి

మహారాజరాజశ్రీ పార్కుల పనులు చూసే అధికారి గారి దివ్య సముఖమునకు, ఇంటిపన్ను బాకీ లేని ఒక పౌరుడు నమస్కరించి విన్నవించునది. ఊరి పేరు రాయడం లేదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వాళ్ళు ఎవరికి వాళ్ళు తమదే అనుకుంటారు, ఆ తగాదా నాకెందుకు.

మా పార్కు ప్రారంభించడానికి ఒక పెద్దాయన వస్తున్నారని రాత్రికి రాత్రి బెంగళూరు నుంచి లారీలో గడ్డి దింపించి చాపలు పరిచినట్టు పరిపించారు. తమరి చలవ. రిబ్బను కత్తిరించి వారం తిరక్కముందే అంచులు ముడుచుకుని పైకి లేచాయి. ఒక పలక ఎత్తి చూశాను సార్. వేరు ఒక్కటీ దిగలేదు. కింద ఉన్నది గరుసు, పాత గోడ కూల్చిన సిమెంటు పెళ్ళలు, ఒక గుట్కా ప్యాకెట్టు!

నేల తయారు చేయకుండా గడ్డి ఎవరైనా వేస్తారా? మన శనక్కాయ రైతు సేద్యం చేసి, గుంటక తోలి, పదును చూసుకుని గానీ విత్తనం వేయడు. ఆరంగుళాలైనా తవ్వించాలి కదా. రాళ్ళేరించి, మాగిన గొడ్ల ఎరువు, ఇసుక కలిపించాలి కదా. ఒక తడి పెట్టి ఆగితే లోపలి తుంగంతా మొలిచేది, గడ్డతో సహా పెరికేసి, ఇంకో తడి పెట్టి, రోలరు తిప్పి, అప్పుడు పరవాలి. అంత ఓపిక ఎక్కడిది! బిల్లులో మాత్రం నేల తయారీకి ఒక పద్దు ఉందట. అది ఏ ఊరి నేలో మరి.

ఇప్పుడు ఆ పలకల్ని పొడుచుకుని తుంగ వస్తోంది. పార్కులో పచ్చగా ఉన్నది అదొక్కటే.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే బాగా పడిందనుకునే సీమ ఇది. శ్రీశైలం నీళ్ళు హంద్రీ-నీవా పంపులెక్కి గొల్లపల్లి రిజర్వాయరుకు చేరితే పండగ చేసుకుంటాం. మా కుళాయి ఎప్పుడొస్తుందో తెలీదు, ట్యాంకరు మాత్రం రోజూ చచ్చిన గడ్డికి నీళ్ళు తాగిస్తోంది. వీధి లైటు సంగతి ఇప్పుడెత్తను. కుక్కల సంగతీ ఎత్తను.

సార్, కోపంలో ఏదో రాశాను, మనసులో పెట్టుకోకండి. పార్కులో ఇంకా గడ్డి పరవని సగంలోనైనా మళ్ళీ లారీ రాకముందు ఆ పెళ్ళలు తీయించండి, రెండు ట్రాక్టర్ల ఎరువు తోలించండి. బెంగళూరు గడ్డే కావాలని మేమెవరం అడగలేదు, మన గరిక నాటించినా సంతోషమే. కూలీలు దొరక్కపోతే ఆదివారం మా వీధివాళ్ళం పారలు, గంపలు పట్టుకుని వస్తాం. గేటు తాళం ఒక్కటి తీయించండి.