ఇచ్చట చీకటి అమ్మబడును

కోలారు జిల్లాలో కొత్త పంట దిగుబడి మొదలైంది. టమాటా కాదు, శ్రీనివాసపురం మామిడి కాదు. చీకటి! విత్తనాల ఖర్చు లేదు, వెయ్యి అడుగుల బోరు వెయ్యక్కర్లేదు, ధర పడిపోయిందని రోడ్డు మీద పారబోసుకునే బాధ లేదు. శనివారం సాయంత్రమైతే చాలు, కొనేవాళ్ళు బెంగళూరు నుంచి కార్లేసుకుని వచ్చేస్తారు. డిక్కీలో టెలిస్కోపు, దాని స్టాండు, ల్యాప్‌టాప్, నుదుటికి కట్టుకునే ఎర్రలైటు, దోమల మందు. దిగీదిగగానే ఒకటే మాట: "ఇక్కడ స్కై చాలా డార్కంట కదా!"

డార్కే సారూ. వీధిలో బల్బు మాడిపోయి, వేసే నాథుడు లేక అలా కుదిరింది. ఇన్నాళ్ళూ దాన్ని మేం కష్టం అనుకున్నాం. సరుకని తెలీదు.

వీళ్ళు పాలపుంత కోసం వచ్చారంటే ఒక్క మాట అనను. మసకమసకగా ఉండే నెబ్యులాలు, గెలాక్సీలు ఊరి వెలుగులో కలిసిపోతాయి. వాటికోసం ఎంత దూరమైనా పోవాల్సిందే. కానీ మన కథానాయకులు వచ్చింది గురుగ్రహం ఫోటోకి! శని వలయానికి! ఎంజీ రోడ్డు దీపాల నడుమ నిలబడి తలెత్తినా కంట్లో పడే గురుణ్ణి వెతుక్కుంటూ, డీజిలు కాల్చుకుంటూ, అంతరగంగ కొండ దాకా రావడం! పైగా బెంగళూరు, కోలారు రెండూ 13 డిగ్రీల అక్షాంశం దగ్గరే. 2026 జనవరిలో గురుడు ఇక్కడ నడినెత్తికి ఎంత దగ్గరగా వచ్చాడో, వాళ్ళ మేడ మీదా అంతే దగ్గరగా వచ్చాడు. టోలు కట్టినందుకు అంగుళం కూడా ఎక్కువ కనబడడు.

గ్రహానికి కావలసింది నిలకడైన గాలి. దాని వెలుగు గాలిపొరలన్నీ దాటుకుని రావాలి. ఆ పొరలు కదిలితే పారే ఏటి అడుగున పడ్డ రూపాయి బిళ్ళలా గ్రహం వణుకుతుంది. అందుకే ఈ విద్య తెలిసినవాళ్ళు ఫోటో తియ్యరు, వీడియో తీస్తారు. వేలకొద్దీ ఫ్రేముల్లోంచి, గాలి ఒక్క క్షణం నిలబడినప్పుడు పడ్డ మంచివాటిని సాఫ్ట్‌వేర్ ఏరి, ఒకదానిమీద ఒకటి పేర్చి బొమ్మ తేలుస్తుంది. అదీ తీరిగ్గా కుదరదు. గురుడు 10 గంటలైనా కాకముందే ఒక చుట్టు తిరిగేస్తాడు, వీడియో కొద్ది నిమిషాలు మించితే దాని మీది పట్టీలు అలుక్కుపోతాయి. ఇంత లెక్కలో చీకటన్న సరుకు ఎక్కడా లేదు.

ఇక పొలంగట్టున సీను చూడండి. వంద కిలోమీటర్లు పరిగెత్తి వచ్చిన కారు, ఇంకా సెగలు కక్కుతోంది. దాని పక్కనే టెలిస్కోపు. ఏసీ కారులోంచి అప్పుడే దించారు గనక లోపలి అద్దం ఒక వేడిలో ఉంది, బయటిగాలి ఇంకో వేడిలో ఉంది. ఒక పెద్దాయన చుట్ట ఆర్పి దగ్గరికొస్తాడు.

"ఏం నాయనా, ఏం కనబడతా ఉండాది?"

"జూపిటర్ తాతా. కుదురుగా లేదు, ఉడుకుతున్నట్టుంది."

"ఉడకదా మరి? కాగతా ఉండే ఇంజను పక్కన పెట్టుకుంటివే! ఆ గడ్డిలోకి జరుపుకో, ఓ గంట తాళు."

వేడిగాలి సంగతి ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. కోలారు బంగారు గనుల్లో (కేజీఎఫ్), చాంపియన్ రీఫ్ గనిలో, రాయి 60 డిగ్రీలు దాటి కాగే లోతుల్లో పనిచేసిన మనిషి. కానీ యూట్యూబులో ఆయనకు ఛానెల్ లేదు కాబట్టి మన కుర్రాడు నవ్వేసి, ల్యాప్‌టాప్‌లో రంగులు పెంచే మీట నొక్కుతాడు. గురుడు అంగారకుడి రంగుకు తిరిగాక ఇన్‌స్టాగ్రామ్‌లో పెడతాడు: "డార్క్ స్కై మహిమ!"

మహిమ చీకటిదైతే ఫిలిప్పీన్స్‌లో క్రిస్టఫర్ గో ఏమైపోవాలి? సెబూ అనే పెద్ద నగరంలో, ఊరి దీపాల మధ్యనుంచే, 11 అంగుళాల టెలిస్కోపుతో గురుణ్ణి చూస్తూ, ఆ గ్రహం మీది ఒక తెల్లటి తుపాను ఎర్రబడిందని 2006 ఫిబ్రవరిలో పట్టేశాడు. అంతదూరం ఎందుకు, మన విశాఖపట్నంలో అంకితం వెంకట నరసింగరావు గారు డాబా గార్డెన్స్‌లోని తమ వేధశాల నుంచి 1874 డిసెంబరులో శుక్రుడు సూర్యబింబాన్ని దాటడం చూశారు. పట్టపగలు! అంతకు మించిన వెలుతురు కాలుష్యం ఏ మున్సిపాలిటీ వల్లా కాదు.

అసలు చీకటి కొనడానికి మా ఊరే దొరికిందా అని నవ్వొస్తుంది. శివనసముద్రం జలపాతం నుంచి తీగలు లాగి మా కేజీఎఫ్‌కు కరెంటు తెచ్చింది 1902లో. బెంగళూరు వీధుల్లో బల్బు వెలిగింది 1905లో. మూడేళ్ళు మేం వాళ్ళకన్నా ముందు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశాక లెక్క తిరగబడింది: తెల్లారకముందే మారికుప్పం రైలెక్కి మావాళ్ళు కూలికి అటు, సాయంత్రం కాగానే వాళ్ళు చీకటికి ఇటు.

నిజంగా చీకటి పనికొచ్చిన ఆకాశశాస్త్రం ఇక్కడ లేకపోలేదు. 1965లో టాటా ఇన్‌స్టిట్యూట్, ఒసాకా, డర్హామ్ శాస్త్రవేత్తలు చాంపియన్ రీఫ్ గనిలో రెండు కిలోమీటర్లకు పైగా దిగి, కాస్మిక్ కిరణాలు వాతావరణంలో పుట్టించే న్యూట్రినోల జాడ పట్టారు. మిగతా కణాలను దాదాపు అన్నిటినీ పైనున్న రాయి అడ్డుకుంటుంది గనక అంత లోతు. ఏ పనికి ఎంత చీకటి కావాలో లెక్క తెలిసినవాళ్ళు. వాళ్ళకు క్యాంప్‌ఫైరూ సీరియల్ లైట్లూ వేసి, మధ్యలో "స్టార్ గేజింగ్" అని ఫ్లడ్‌లైటు బోర్డు పెట్టే ప్యాకేజీ అక్కర్లేకపోయింది.

ఇప్పుడు కొత్త పాట మొదలైంది: "ఇక్కడ లైట్లు వెయ్యనివ్వకండి, హాన్లేలాగా చేసుకోండి." లదాఖ్‌లో హాన్లేను 2022లో డార్క్ స్కై రిజర్వుగా ప్రకటించిన మాట నిజమే. అయితే అక్కడ ఊరివాళ్ళకే టెలిస్కోపులిచ్చి, వాడడం నేర్పి, వచ్చినవాళ్ళకు ఆకాశం చూపించే పని వాళ్ళ చేతిలో పెట్టారు. ఇక్కడ మాత్రం ఆకాశం మీది, ఫోటో మీది, లైకులు మీవి, తేళ్ళు మావి.

గురుడు కావాలంటే మీ మేడ మీద తీసుకోండి. కాంక్రీటు చల్లారనివ్వండి, చాలు. పాలపుంత కావాలంటే తప్పకుండా రండి, టీ కూడా ఇస్తాం. మా ఆడపిల్ల ట్యూషన్ నుంచి వచ్చే దారిలో లైటు వెలిగితే మాత్రం స్కై పాడైందని మూతి ముడవకండి. చీకటికి ధర కట్టారు, సంతోషం. ఆ డబ్బుతో స్తంభానికో బల్బు, వెలుగు పైకి పోకుండా దానికో డొప్ప కొనిచ్చి వెళ్ళండి.