మనసు పడ్డ బండి కొనకండి

రెండు పెద్ద నేకెడ్ బైకుల మధ్య ఊగిసలాడుతున్నవాళ్ళు ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే: ఎక్కువ నచ్చినదాన్ని వదిలేసి రెండోది కొనండి. తలతిక్క సలహా అంటారు. అననివ్వండి. కావాలంటే వాదనకు కూర్చుంటాను గానీ ఈ మాట మాత్రం వెనక్కి తీసుకోను.

మన కుర్రాళ్ళకు ఈ పేచీ తరచుగా కవాసాకీ జెడ్900కీ, ట్రయంఫ్ స్ట్రీట్ ట్రిపుల్ ఆర్‌కీ మధ్య వస్తుంది. జెడ్900ది 948 సీసీ, నాలుగు సిలిండర్లు, సుమారు 125 పీఎస్. ట్రిపుల్ ఆర్‌ది 765 సీసీ, మూడు సిలిండర్లు, 120 పీఎస్. రెంటికీ 17 అంగుళాల చక్రాలే, ముందు 120/70, వెనక 180/55 టైర్లే. రెండూ మొదటి గేరులోనే 80 దాటేస్తాయి. నాలుగు లేన్ల హైవే మీద మోటార్‌సైకిల్‌కి కేంద్రం 2018లో పెట్టిన గరిష్ఠ వేగం కూడా ఆ 80 కిలోమీటర్లే. ఇంత దగ్గరగా ఉన్న రెండింట్లో ఒకదాని మీదే ప్రాణం లాగేస్తోందంటే ఆ కారణం బండిలో ఉండదు. ఎవడో రేజ్ చేస్తూ తీసుకున్న వీడియోలో ఉంటుంది, లేదా ఇంటర్ చదివే రోజుల్లో మన వీధిలో దూసుకెళ్ళిన బండిలో ఉంటుంది. ఆ మోజుతో కొన్న బండి ఎక్కినప్పుడల్లా అలాగే నడపమంటుంది. మోజు లేని బండిని మనిషి నేర్చుకుంటాడు. క్లచ్ ఎక్కడ పట్టుకుంటోంది, ముందు బ్రేకు ఎంత నొక్కితే ఎంత ఆగుతోంది, అన్నీ చూసుకుంటాడు. నాకు కావలసింది అదే.

షోరూమ్‌కి బైకుల పిచ్చి ఉన్న స్నేహితుణ్ణి తీసుకెళ్ళకండి. ఇంట్లో వద్దని పోరుతున్న అమ్మనో, భార్యనో తీసుకెళ్ళండి. వెనక సీటు ఇంత చిన్నగా, ఇంత ఎత్తుగా ఉందేంటని వాళ్ళే అడుగుతారు. పట్టుకోవడానికి ఏముందని అడుగుతారు. సేల్స్ కుర్రాడు నసిగే ప్రశ్నలన్నీ వాళ్ళ దగ్గరే ఉంటాయి.

టెస్ట్ రైడ్‌కి తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీదికి వెళ్ళడం శుద్ధ దండగ. ఖాళీ రోడ్డు మీద రెండూ బాగానే ఉంటాయి. మే నెల మిట్టమధ్యాహ్నం అమీర్‌పేట సిగ్నల్లో ఆగి చూడండి. ఫ్యాన్ తిరగడం మొదలై వేడిగాలి తొడలకీ పిక్కలకీ కొడుతుంటే, ఎడమ చెయ్యి క్లచ్ మీద ఎంతసేపు ఓర్చుకుంటుందో అప్పుడు తెలుస్తుంది.

అసలు ఇంజిన్ స్టార్ట్ చేయకముందే సగం తేలిపోవాలి. బండిని న్యూట్రల్‌లో పెట్టి హ్యాండిల్ పట్టుకుని వెనక్కి నెట్టండి. షోరూమ్ నున్నటి నేల మీద అయితే ఏమీ తెలియదు, బయట వాలు ఉన్నచోట నెట్టాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్లో రెండు కార్ల మధ్య నుంచి రోజూ దాన్ని బయటికి లాగాల్సింది మీరేగా! హ్యాండిల్ ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పి చూడండి, ఇంట్లో ఉన్న మామూలు బండంత తిరగదు. తర్వాత సీటు మీద కూర్చుని, ఎడమ కాలు గట్టిగా ఆనించి, బండిని మెల్లగా ఎడమకు వాల్చండి. కొంతదూరం వరకు తేలిగ్గానే వస్తుంది. ఒకచోట మాత్రం బరువంతా ఒక్కసారి మోకాలి మీద పడుతుంది. జెడ్900 దాదాపు 212 కిలోలు, ట్రిపుల్ ఆర్ 189. కాగితం మీద చిన్నగా కనిపించే ఆ 23 కిలోలు సరిగ్గా అక్కడ దొరుకుతాయి. ఈ పరీక్ష అరగంట చెయ్యండి. సేల్స్ వాళ్ళు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

శబ్దానికి ఓటు వెయ్యకండి. నాలుగు సిలిండర్ల మోత వేరు, మూడు సిలిండర్ల ఈల వేరు, రెండూ వినసొంపే. ఆ తేడా చూసి లక్షలు పోసినవాడు ఆర్నెల్లలో కంపెనీ సైలెన్సర్ పీకేసి ఇంకోటి బిగిస్తాడు. అలాంటి సైలెన్సర్లనే పోలీసులు రోడ్డు రోలర్ కింద పెట్టి నలిపించేది.

వంశం చూసి కూడా కొనకండి. కవాసాకీ జెడ్ వరుస 1972లో 903 సీసీ జెడ్1తో మొదలైంది. ట్రయంఫ్ 765 ఇంజిన్ ఆధారంగా తయారైనవే 2019 నుంచి మోటో2 రేసు బళ్ళన్నిటికీ వెళుతున్నాయి. గొప్ప విషయాలే. మీ రోడ్డు మీద పనికొచ్చేవి వేరు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్ళేటప్పుడు దోమలపెంట దాటాక డ్యామ్ దగ్గరికి దిగే ఘాట్ మలుపులు తీసుకోండి. ఎదురుగా ఆర్టీసీ బస్సు, పక్కన పిట్టగోడ మీద కోతులు. రెండో గేరులో 30, 40 మీద దిగుతుంటాం. అక్కడ 125 పీఎస్ ఎవరికి కావాలి? తేలికైన ట్రిపుల్ చెప్పినట్టు వింటుంది. అక్కడి దాకా వచ్చే పొడుగాటి దారిలో మాత్రం కవాసాకీకే సుఖం. దాని టార్క్ 7,700 ఆర్‌పీఎమ్ దగ్గరే దాదాపు 98 ఎన్‌ఎమ్‌కి చేరుతుంది, గేరు మార్చకుండానే లాగేస్తుంది. ట్రిపుల్‌కి 80 ఎన్‌ఎమ్ కావాలంటే 9,500 దాకా తిప్పాలి.

ముందు విండ్‌షీల్డ్ బిగించుకోకండి. నేకెడ్ బైకుకి గాలి అడ్డు ఉండదు, వంద దాటితే ఛాతీ మీద తోస్తుంది. ఆ గాలి మీ మేలు కోరే గాలి, దాన్ని అడ్డుకోకండి. దూరాలు పోవాలని అడ్డు పెట్టుకునేవాళ్ళకు ఇంకో మాట: హైదరాబాద్ చుట్టూ ఉన్న 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీదికి టూవీలర్లను రానివ్వరు.

రైన్ మోడ్‌లోనే మొదటి ఏడాదంతా నడపండి, ఎండాకాలంలో కూడా. జెడ్900లో రైన్ మోడ్ పెడితే పవర్ సుమారు 55 శాతానికి తగ్గుతుంది. అంటే ఇంకా దాదాపు 70 పీఎస్ మిగిలే ఉంటుంది. నవ్వేవాళ్ళు నవ్వుతారు. మొదటి వానకు తేలిన ఆయిల్ మరకల మీద వెనక చక్రం జారినప్పుడు వాళ్ళెవరూ వచ్చి పట్టుకోరు.

ఇంకో తలకిందుల మాట: కొత్తది కొనకండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాటిన బళ్ళ మీద జీఎస్టీ 40 శాతం. ఏడాది దాటి రెండేళ్ళలోపు ఉన్న బండికి ఇన్సూరెన్సు లెక్కలోనే విలువ 20 శాతం తగ్గుతుంది. మోజుతో కొని, భయపడో పెళ్ళయ్యో అమ్మేస్తున్నవాళ్ళ దగ్గర ఎక్కువ తిరగని బళ్ళు దొరుకుతాయి. చూసేటప్పుడు పెయింటు మెరుపు వదిలేసి హ్యాండిల్ చివరలు, లివర్ల కొసలు, ఫుట్‌పెగ్‌లు చూడండి. పడ్డ బండి అక్కడే గీరుకుంటుంది. ఫోర్కుల మీద వేలు రాస్తే నూనె అంటకూడదు. టైరు పక్కన ఉండే నాలుగంకెల్లో మొదటి రెండూ తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం. ఐదేళ్ళు దాటిన టైరు ఎంత కొత్తగా కనిపించినా దాని డబ్బు ధరలో కోయించండి.

ఈ నెలలోనే కొనేయాలని తొందరపడుతున్న తమ్ముళ్ళకు నా మనవి. ఉన్న డబ్బులో ముందుగా ఫుల్‌ఫేస్ హెల్మెట్‌కి, జాకెట్‌కి, గ్లవ్స్‌కి, చీలమండ దాటే బూట్లకి తీసి పక్కన పెట్టండి. మిగిలినదానితో, మనసు కవాసాకీ మీద ఉంటే ట్రయంఫ్ కొనండి, ట్రయంఫ్ మీద ఉంటే కవాసాకీ కొనండి. డబ్బు చాలకపోతే బండి ఇంకో ఆరు నెలలు ఆగుతుంది, ఆపండి.