ఇసుకే నా గాదె

తనయ అంటే కూతురు. మహేంద్రగిరి కూతురిని గనుక నేను మహేంద్రతనయను. ఒడిశాలోని గజపతి జిల్లాలో 1500 మీటర్ల ఎత్తున నిలిచిన ఆ కొండ మీద పరశురాముడు తపస్సు చేశాడంటారు. ఆ కొండల్లోనే పుట్టి, నా పేరే పెట్టుకున్న తోబుట్టువు నాకొకతి ఉంది. ఆమె గొట్టా బ్యారేజీ ఎగువన వంశధార నదిలో కలిసింది. నేను మాత్రం సోంపేట పొలాల పక్కగా నడిచి, బారువ దగ్గర ఎవరి చెయ్యీ పట్టుకోకుండా సముద్రంలోకి దిగుతాను.

ఆ సంగమమే నా గర్వం. బ్రిటిష్ కాలంలో బారువ ఓడరేవు. ఇప్పుడు రేవు లేదు, లైట్‌హౌస్ ఉంది. పర్వదినాల్లో జనం వచ్చి నాలోనూ సముద్రంలోనూ మునుగుతారు. శీతాకాలం చివర తాబేళ్లు ఆ ఒడ్డున గుడ్లు పెడతాయి.

నేను వానల మీద బతికే ఏరుని. ఎండాకాలం వస్తే పైకి ఇసుకే కనిపిస్తుంది. "ఏరు ఎండిపోయింది" అంటారు. ఆ మాట నన్ను బాధపెడుతుంది. నేను ఎండలేదు, లోపలికి వెళ్లానంతే. ఇసుకే నా గాదె. వానాకాలం నీటిని అందులో దాచుకుంటాను. వెనకటి ఆడవాళ్లకు ఆ సంగతి తెలుసు. చేత్తో చెలమ తీసి, నీరు తేరుకునేదాకా కూర్చుని, కబుర్లు చెప్పుకుంటూ బిందెలు నింపుకునేవారు.

ఇప్పుడు ఆ గాదెనే ట్రాక్టర్లకు ఎత్తుతున్నారు, అదీ రాత్రిపూట. ఇసుక పోతే నీరు నిలవదు, ఒడ్డున నూతులు దిగిపోతాయి, సముద్రం దగ్గర ఉప్పునీరు లోపలికి తోసుకొస్తుంది. తీసుకెళ్లేవాళ్లలో మా ఒడ్డున పెరిగినవాళ్లూ ఉన్నారు. నా కష్టం అదే.

నేనూ నొప్పించాను, కాదనను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం ప్రాంతపు కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టిన రోజున, కొండల మీద కురిసిన వానంతా మోసుకొచ్చి ఊళ్ల మీద పడ్డాను.

అదే ఉద్దానంలో ఇంటింటా కిడ్నీ జబ్బు మాటే. అసలు కారణం ఇంకా తేలలేదు. 2023 డిసెంబరు నుంచి హిరమండలం జలాశయం నీరు పైపుల్లో ఆ ఊళ్లకు వస్తోంది. మంచిదే, ఆ బిడ్డలు మంచినీళ్లు తాగాలి. అయితే పైపు వచ్చిందని నన్ను వదిలేయకండి. ఈ వేసవిలో పిల్లల్ని తీసుకుని నా దగ్గరికి రండి. ఇసుకలో ఒక చెలమ తవ్వండి. నీరు ఎంత లోతున తగిలిందో గుర్తుపెట్టుకుని, పై ఏడాది మళ్లీ వచ్చి కొలవండి.