జూదం ఆడనివాళ్ల లాస్ వేగస్

జూదం ఆడనివాడికి లాస్ వేగస్ అంత చవకైన ఊరు భూమ్మీద లేదన్నది మావారి సిద్ధాంతం. ఆడేవాళ్లు పోగొట్టుకుంటారు. ఆ పోయిన డబ్బుతో హోటలువాడు గదులు చవగ్గా ఇస్తాడు, భోజనం చవగ్గా పెడతాడు. మనం పైసా పందెం కాయకుండా తిని, పడుకుని, ఫోటోలు దిగి వచ్చేస్తాం. ఎవరి నష్టంతోనో మన సెలవు గడిచిపోతుంది, పాపం మాత్రం మనకి అంటదు. వినడానికి ఎంత ముచ్చటగా ఉందో!

పుట్టినప్పుడు ఈ సిద్ధాంతం నిజమే. నెవాడా రాష్ట్రం 1931లో జూదాన్ని చట్టబద్ధం చేసింది. పదేళ్లకి, ఇప్పుడు స్ట్రిప్ అంటున్న రోడ్డు మీద ఎల్ రాంచో వేగస్ అనే మొదటి రిసార్టు వచ్చింది. ఆకలేసిన ఆటగాడు లేచి బయటికి పోకుండా అర్ధరాత్రి డాలరుకే కడుపునిండా బఫే పెట్టిన పుణ్యాత్ములు వాళ్లే. ఆ డాలరు భోజనం కథ మావారు ఎక్కడో చదివారు. అక్కడితో చదవడం ఆపేశారు.

ఆ తర్వాత జరిగింది నేను చదివాను. 1990ల చివరికే స్ట్రిప్ మీది పెద్ద కాసినోలకి జూదం మీద వచ్చే రాబడి మొత్తంలో సగానికి దిగిపోయింది, ఆ తర్వాత ఇంకా దిగింది. మిగతాదంతా గదులు, భోజనాలు, షోలు, మందు. అంటే ఆడేవాళ్లు మనల్ని పోషించడం మానేసి పాతికేళ్లు దాటింది. ఇప్పుడు ఆ ఊరిని పోషించేది బుద్ధిమంతులు: పందెం కాయకుండా, ఫౌంటెన్ దగ్గర సెల్ఫీ దిగి, ఆకలేసి ఏదో ఒకటి కొనుక్కుని తినే మా బాపతు.

అయినా వెళ్దామనే అనుకున్నాం. పిల్లలిద్దరూ కాలేజీలకి వెళ్లిపోయాక ఇంట్లో మేమిద్దరమే మిగిలాం, మాట్లాడుకోవడానికి చెత్తబుట్ట బయట పెట్టే రోజు తప్ప విషయం లేదు. మాది లాస్ ఏంజలెస్ దగ్గర అర్వైన్. కారెక్కి ఐ-15 పట్టుకుంటే ఓ 270 మైళ్లు. విమానం టికెట్లు అక్కర్లేదు కాబట్టి సగం గెలిచినట్టే అన్నారు మావారు. ఎక్సెల్ షీటు తెరిచి ఆ గెలిచిన సగాన్ని మొదటి వరసలో పెట్రోలుగా రాశాను.

ఎప్పుడు వెళ్లాలన్నదే ముందు తేలాలి, ఎందుకంటే వేగస్‌లో గదికి ధర ఉండదు, తేదీకి ఉంటుంది. ఊరు మొత్తం మీద సుమారు 1,50,000 హోటల్ గదులున్నాయి. ఇన్ని ఉన్నాయి కదా, మనకొక చవక గది దొరకదా అనిపిస్తుంది. మంగళవారం దొరుకుతుంది. అదే గది శుక్రవారానికి ఎన్నో రెట్లవుతుంది. జనవరిలో ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన సీఈఎస్‌కి లక్షమందికి పైగా దిగుతారు, వాళ్ల కంపెనీలే కట్టుకుంటాయి కాబట్టి ధర ఎంతున్నా ఎవరూ అడగరు. 2023 నుంచి నవంబరులో ఫార్ములా వన్ కార్లు ఆ వీధుల్లోనే పరిగెడుతున్నాయి, ఆ వారం ఊరి దరిదాపులకి పోకూడదు. చవక కావాలంటే వేసవి. "ఎండే కదా, రామగుండం చూసినవాళ్లం, రెంటచింతల చూసినవాళ్లం" అన్నారు మావారు. 2024 జులై 7న వేగస్‌లో 48.9 డిగ్రీల సెల్సియస్ పడి ఊరి రికార్డు బద్దలైందని చూపించాక రామగుండం మాట మళ్లీ ఎత్తలేదు. చివరికి డిసెంబరులో క్రిస్మస్‌కి ముందు వారం, మంగళవారం వెళ్లి గురువారం రావడమని ఖాయమైంది. ఆదివారం తిరుగు ప్రయాణం మాత్రం శత్రువుకి కూడా వద్దు. ఆ మధ్యాహ్నం దక్షిణ కాలిఫోర్నియా అంతా ఖాళీ జేబులతో ఐ-15 మీద బారులు తీరి ఉంటుంది.

ఇక గది. మావారు ఒకటి పట్టుకొచ్చారు. "చూడవోయ్, రాత్రికి 39 డాలర్లు!"

అక్కడ నిజానికి పెద్ద అక్షరాల్లో ఉన్నది 84. గది 39, రిసార్ట్ ఫీజు 45 అని కింద చిన్న అక్షరాల్లో విడదీసి ఉంది. 2025 మే 12 నుంచి అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ప్రకారం తప్పనిసరి ఫీజులన్నీ కలిపిన ధరే మొదట చూపించాలి. అంతకుముందు 39 చూపించి, కార్డు నంబరు కొట్టే ముందు మిగతాది బయటపెట్టేవాళ్లు. ఇప్పుడు ఫీజు ఎక్కడికీ పోలేదు, దాక్కోవడం మాత్రం మానేసింది. మావారికి ఆ నిబంధన వల్ల ఒరిగింది ఏమీ లేదు. ఆయన ఇప్పటికీ 39నే చదవగలరు. రెండింటి మీదా పదమూడు శాతం పైచిలుకు పన్ను కలిపితే రాత్రికి 95 తేలింది.

ఆ ఫీజు దేనికిరా అంటే వైఫై, జిమ్, లోకల్ ఫోన్ కాల్స్. లోకల్ కాల్స్ ఎవరికి చేస్తాం? ఫౌంటెన్‌కా?

సికింద్రాబాద్‌లో ఉన్న మా అత్తగారికి ఫోన్లో ఇదే చెప్పాను. ఆవిడకి ఈ ప్రయాణం మొదట్నించీ నచ్చలేదు. "ధర్మరాజంతటివాడికే దిక్కులేకపోయింది, మీరెంత?" అనేవారు.

"ధర్మరాజు రిసార్ట్ ఫీజు కట్టలేదు అత్తయ్యా. మేం ఆడం, ఊరికే చూసొస్తాం."

"ఆడనివాళ్లకి ఆడే ఊళ్లో పనేంటే?"

దీనికి నా దగ్గర జవాబు లేక ఫీజు లెక్క చెప్పాను: గది 39, గదిలో ఉన్నందుకు 45. ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "చారాణా కోడికి బారాణా మసాలా" అన్నారు. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అన్ని పేజీలు రాయనక్కర్లేదు, ఈ ముక్క పెట్టేస్తే సరిపోయేది.

పార్కింగ్ కూడా చూడండి. కారులో వచ్చినవాడు డబ్బుతో వచ్చినట్టే అని పాతకాలపు కాసినోలు కారుని ఉచితంగా నిలుపుకోనిచ్చేవి. 2016లో ఎంజీఎం కాసినోలవాళ్లు స్ట్రిప్ మీద పార్కింగ్‌కి రుసుము మొదలుపెట్టారు, మిగతావాళ్లలో చాలామంది వెనకే నడిచారు. కాబట్టి నా షీటులో కారుకి కూడా గది అద్దె వరస ఒకటి పడింది. తిండి సంగతీ అంతే. కొన్ని చోట్ల గదిలో ఫ్రిజ్ ఉంటుంది కానీ అది మనది కాదు. అందులో సీసా కదిపితే చాలు, బిల్లులో ఎక్కుతుంది. మన పెరుగు డబ్బా పెట్టుకుందామని వాళ్ల సీసాని పక్కకి జరిపారో, ఆ పెరుగు నెయ్యి కంటే ఖరీదైపోతుంది. అందుకే ఇంటినుంచి పట్టుకెళ్లేది చింతపండు పులిహోర. దానికి ఫ్రిజ్ అక్కర్లేదు, రెండోరోజుకి ఇంకా రుచిగా ఉంటుంది. ఐ-15 మీద బార్‌స్టో దగ్గర ఆగిన తెలుగువాళ్ల కారు డిక్కీ తెరిస్తే ఇంగువ వాసన రాకపోతే వాళ్లు బడ్జెట్ ప్రయాణికులు కారని నా నమ్మకం.

బఫే సంగతి తేలడానికి ఒక సాయంత్రం పట్టింది. మావారి మనసు ఇంకా ఆ డాలరు దగ్గరే ఉంది. కోవిడ్‌లో మూతపడ్డ బఫేలు చాలావరకు మళ్లీ తెరుచుకోలేదు. మిగిలిన పెద్దవాటిలో పేరున్న చోట మనిషికి 80 డాలర్ల దరిదాపుల్లో ఉంది. "పొద్దున్నించీ ఏమీ తినకుండా వెళ్తే గిట్టుబాటవుతుంది" అన్నారు. ఆయన శాకాహారి. పీతకాళ్లూ, రొయ్యలూ, గొడ్డుమాంసమూ చూపించి 80 పుచ్చుకునే చోట బంగాళాదుంప ముద్దతో, సలాడ్ ఆకులతో ఆ సొమ్ము రాబట్టడం కుంభకర్ణుడి వల్ల కూడా కాదు. ఆ వరస కొట్టేశాను.

ఉచితమైనవేవో చూద్దామని కూర్చున్నాం. ఇక్కడ ఊరిని మెచ్చుకోవాలి. బెలాజియో హోటల్ ముందు ఫౌంటెన్లు 1998 నుంచి పాటలకి ఎగురుతున్నాయి, సాయంత్రమైతే పదిహేను నిమిషాలకోసారి, టికెట్ లేదు. లోపల లాబీ పైకప్పుకి డేల్ చిహూలీ చేసిన రెండు వేల గాజుపూలు వేలాడుతుంటాయి, మెడనొప్పి తప్ప ఖర్చు లేదు. పక్కనే పూలతోట, రుతువుకొకసారి మొత్తం మార్చేస్తారు. ఫ్లమింగో హోటల్లో నిజం ఫ్లమింగోలే తిరుగుతుంటాయి. డౌన్‌టౌన్‌లో ఫ్రీమాంట్ వీధి మీద కప్పంతా తెరగా మార్చి బొమ్మలాట వేస్తారు. స్ఫియర్ లోపలికి వెళ్తే టికెట్, బయట నిలబడితే ఆ గోళం మొత్తం మనదే. మావారు మాత్రం మిరాజ్ హోటల్ ముందు అగ్నిపర్వతం తప్పకుండా చూపిస్తానన్నారు, పెళ్లికి ముందు స్నేహితులతో వెళ్లినప్పుడు చూశారట. మిరాజ్ 2024 జులైలో మూతపడింది, అక్కడ గిటారు ఆకారంలో హోటల్ కడుతున్నారు. పోనీ ట్రోపికానా అన్నారు. దాన్ని అదే ఏడాది అక్టోబరులో బాంబులు పెట్టి కూల్చేశారు. వేగస్ గురించి మగవాళ్లకి ఉన్న జ్ఞాపకాలు ఇలాగే ఉంటాయి.

ఈ ఉచితాలన్నిటికీ మధ్య నడక ఉంది. స్ట్రిప్ నాలుగు మైళ్ల పైన ఉంటుంది. హోటళ్లు మరీ పెద్దవి కావడంతో అన్నీ పక్కపక్కనే ఉన్నట్టు కనిపిస్తాయి. అదిగో అన్న హోటల్ తలుపు చేరడానికి అరగంట. రోడ్డు దాటాలంటే వంతెన ఎక్కాలి, వంతెన దిగితే కాసినో మధ్యలో దిగుతాం. గడియారం ఉండదు, కిటికీ ఉండదు, బయటికి దారి ఎటో ఏ బోర్డూ గట్టిగా చెప్పదు. మాండలే బే నుంచి ఎక్స్‌కాలిబర్ దాకా ఒకటి, బెలాజియో నుంచి పార్క్ ఎంజీఎం దాకా ఒకటి ఉచిత ట్రాములున్నాయి. డౌన్‌టౌన్‌కి డ్యూస్ బస్సు, రాత్రంతా తిరుగుతుంది. "హనీమూన్‌కి ఊటీ వెళ్లినప్పుడు కూడా బస్సులోనే తిప్పారు" అన్నాను. అప్పుడు డబ్బు లేదన్నారు.

పెళ్లి మాట వచ్చింది కాబట్టి. అక్కడి క్లార్క్ కౌంటీ పెళ్లి లైసెన్సు ఆఫీసు ఏడాది పొడుగునా, రోజూ పొద్దున 8 నుంచి అర్ధరాత్రి దాకా తెరిచే ఉంటుంది. లైసెన్సు 102 డాలర్లు. ఎల్విస్ వేషం వేసినాయన మంత్రాలు చదివే చాపెళ్లు వేరే. "మనం మళ్లీ చేసుకుంటేనో?" అన్నారు మావారు సరసంగా. షీటు చూసి చెప్తానన్నాను. మా పెళ్లిలో పందిరికీ, వీడియోకీ అయిన ఖర్చు తలుచుకుంటే 102 చాలా సమంజసమే, పైగా వియ్యాలవారి అలకలు కూడా ఉండవు. కానీ అదే 102కి ఒక రాత్రి గది వచ్చి, పార్కింగ్‌లో కొంత కూడా గట్టెక్కుతుంది. ఉన్న పెళ్లినే వాడుకుందామన్నాను.

చివరికి జూదం. ఆడం అనుకున్నాం కానీ ఒక వరస పెట్టకుండా వెళ్లడం ఆచరణలో కుదరదు. హోటల్ గదికి వెళ్లే దారి కూడా మిషన్ల మధ్యనుంచే వేస్తారు. మావారికి రమ్మీలో మంచి చెయ్యి. పైగా ఆయన దగ్గర సుప్రీంకోర్టు ఉంది. 1968లో, సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నడిపిన కేసులో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆట, మూడు ముక్కలాటలా ఉత్త అదృష్టం కాదు అని తేల్చారు. సొంత ఊరి క్లబ్బు గెలిచిన కేసు కాబట్టి అది ఆయనకి డిగ్రీ పట్టాతో సమానం. దురదృష్టవశాత్తు వేగస్ కాసినోల్లో మన పదమూడు ముక్కల రమ్మీకి బల్లలు వెయ్యరు.

పోనీ బ్లాక్‌జాక్. అక్కడా ఆ బారాణా మసాలాయే. పది డాలర్లు కాసి మొదటి రెండు ముక్కలకే ఇరవై ఒకటి పడితే పాత పద్ధతిలో పదిహేను ఇవ్వాలి. తక్కువ పందెం బల్లల మీద ఎక్కువగా పన్నెండే ఇస్తారు. పందెం తక్కువైన కొద్దీ కోత ఎక్కువ. రూలెట్‌లోనూ అంతే: అమెరికన్ చక్రానికి 38 గుంటలు, స్ట్రిప్ మీద చవక బల్లల్లో ఇంకో సున్నా తగిలించి 39 చేశారు. పెన్నీ స్లాట్ అని పేరే కానీ చాలావాటిలో ఒక్క నొక్కుడికి అర డాలరు పైనే పోతుంది. ఆడుతున్నంతసేపూ తాగడానికి ఏదడిగినా ఉచితం, తెచ్చినమ్మాయికి డాలరు టిప్పు ఇవ్వాలి. మావారు నారింజరసం తప్ప ఏమీ తాగరు. నష్టం లెక్కేస్తే ఆ రసం గ్లాసు ఆరెంజ్ కౌంటీలో తోట మీద తోట కొన్నట్టు తేలింది. నలభై డాలర్లు జూదం అని రాసి, వరసకి ఎర్ర రంగు వేసి, షీటు మూసేశాను.

వెళ్లేముందు అత్తగారికి చెప్పాలి కదా. నలభై అనగానే ఆవిడ కూర్చున్నచోట లేచినంత పనిచేశారు. రూలెట్ అంటే ఏమిటో, దాంట్లో ఎలా పోతుందో విప్పి చెప్పమన్నారు.

"38 గుంటలుంటాయి అత్తయ్యా. మనం ఒక నంబరు మీద డాలరు పెడతాం. అది పడితే మన డాలరుతో కలిపి 36 ఇస్తారు."

"38కి 36 ఏమిటే? మిగతా రెండూ?"

"ఆ రెండిటితోనే ఆ ఊరు కట్టారు."

పక్కనుంచి మావారు, అమ్మకి ఇవన్నీ ఎందుకు చెప్తావు, భయపడుతుంది అన్నారు. ఆవిడ భయపడలేదు. వేళ్లమీద ఏదో లెక్క పెట్టుకుంటున్నట్టు వినిపించింది.

"అమ్మాయీ, నా పేరు మీద ఓ ఇరవై డాలర్లు పదిహేడు మీద పెట్టించు. మీ మామయ్యగారు పుట్టిన తేదీ."

"పోతే అత్తయ్యా?"

"పోతే వాడి ఖాతాలో రాయి. వస్తే మాత్రం 720 నాకు పంపించెయ్, నాకు లెక్క తెలుసు."