తాడు లేని దారికి దండం

సిటీ అండ్ సౌత్ లండన్ రైల్వే కంపెనీ పెద్దలారా, మీకు వెయ్యి దండాలు! లండన్ నేల అడుగున లోతుగా సొరంగం తవ్వి, కరెంటుతో రైలు నడిపి లోకానికి దారి చూపారు. ఆ దారికి ఉత్తరపు కొసన మీరు కట్టిన కింగ్ విలియం స్ట్రీట్ స్టేషన్‌ను ఎంత పొగిడినా తనివి తీరదు. 1890 డిసెంబరు 18న దాని తలుపులు జనానికి తెరిచారు, 1900 ఫిబ్రవరి 24న మూసేశారు. కట్టిన దాని మీద ఇంత తక్కువ మమకారం ఎందరికి ఉంటుంది!

మీ పొదుపుకు మొదటి దండం. ఒకరి ఇంటి కింద తవ్వితే ఆ ఇంటాయనకు సొమ్ము ముట్టజెప్పాలి. అందుకని సొరంగాలను వీధుల కిందనే పోనిచ్చారు. థేమ్స్ నది దాటగానే వచ్చే స్వాన్ లేన్ ఇరుకు సందు, రెండు సొరంగాలు పక్కపక్కన పట్టవు. పట్టకపోతేనేం, ఒకదాని మీద ఒకటి పెట్టారు! అక్కడి నుంచి ఆర్థర్ స్ట్రీట్ వైపు గిరుక్కున తిప్పి, బండిని మిట్ట ఎక్కించి స్టేషన్‌లోకి తెచ్చారు. ఇళ్లవాళ్లకు ఇవ్వాల్సిన డబ్బు మిగిలింది. ఆ మలుపు, ఆ మిట్ట ప్రయాణికుల వంతుకు వచ్చాయి.

మీ ధైర్యానికి రెండో దండం. మీరు తవ్వింది తాడు లాగే బండి కోసం. తాడుకు ఆయాసం ఉండదు కాబట్టి ఎత్తుపల్లాలు లెక్కలోకి రాలేదు. 1888లో ఆ తాడు పని ఒప్పుకున్న కంపెనీ దివాలా తీసింది. మీరు అధైర్యపడలేదు. తాడు కోసం తవ్విన దారిలోనే కరెంటు ఇంజన్లను దింపారు. కరెంటు పుట్టేది దక్షిణపు కొసన స్టాక్‌వెల్‌లో. మూడు మైళ్లకు పైగా నడిచి, సరిగ్గా మిట్ట ఉన్నచోటికి వచ్చేసరికి దానికి నీరసం. కొన్ని బండ్లు ఎక్కలేక వెనక్కి జారి, మళ్లీ ఊపందుకుని వచ్చేవి. రెండు పెన్నీల టిక్కెట్టుకే ఒక మిట్టను రెండుసార్లు ఎక్కించిన దాతలు మీరు!

మర్యాదలో మీకు సాటి లేరు. లండన్ సిటీకి కొలువులకు వచ్చే జనమంతా దిగే చోట ఒకే పట్టా వేసి, దానికి రెండు పక్కలా ప్లాట్‌ఫారాలు కట్టారు. వచ్చిన బండిని సాగనంపితే తప్ప మరో బండిని లోపలికి పిలవరు. 1895లో మధ్యన ఒక ప్లాట్‌ఫారం, అటొకటి ఇటొకటి పట్టాలు వేసి సర్దారు. కానీ సొరంగం వెడల్పు పది అడుగుల రెండంగుళాలే, దాన్ని ఎవరు సాగదీస్తారు? పెట్టెలు ఇరుకు. బయట చూడ్డానికి ఏముందిలే అని కిటికీలను కప్పు దగ్గర సన్నని చీలికల్లా పెట్టారు. జనం ఆ పెట్టెలకు, పిచ్చాసుపత్రిలో గోడలకు మెత్తలు కుట్టిన గది అని పేరు పెట్టారు. రోజూ అందులో కూచున్నవాళ్లు పెట్టిన పేరు అది. మీ కీర్తికి అంతకన్నా నమ్మకమైన సాక్ష్యం నాకు దొరకలేదు.

చివరికి బరో స్టేషన్ దగ్గర పాత దారిని వదిలేసి, వేరే సొరంగాలతో లండన్ బ్రిడ్జ్, బ్యాంక్ మీదుగా మూర్‌గేట్‌కు పోయారు. మొదట మిగుల్చుకున్న సొమ్మును రెండోసారి తవ్వకానికి పోశారు. సొరంగం తవ్వే విద్యలో దిట్ట అయిన మీ ఇంజనీరు జేమ్స్ గ్రేట్‌హెడ్ 1896లోనే కన్నుమూశాడు. తాను నిలబెట్టిన స్టేషన్‌కు తాళం పడటం ఆయన కళ్లపడలేదు. ఈ కథలో నాకు బాధ కలిగేది ఆయన విషయంలోనే.

ఒక్క దండం మాత్రం మనసారా పెడతాను. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ బాంబులు పడుతుంటే, మీరు వదిలేసిన ఆ చీకటి సొరంగంలోకే లండన్ జనం దిగి తలదాచుకున్నారు.