నా వంద పూసలు

నేను పూసల చట్రాన్ని. పది తీగలు, తీగకు పది పూసలు. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ మొదలయ్యాక పల్లె బడులకు బోధన సామగ్రి పెట్టెలు వస్తున్న రోజుల్లో కంచికచర్ల చేరాను. బెజవాడ–హైదరాబాద్ రోడ్డు మీద లారీల మోత వినపడే ఒక ప్రాథమికోన్నత పాఠశాల నా ఇల్లు.

చాలా ఏళ్ళు నన్ను ఒకటో తరగతి గడప దాటనివ్వలేదు. లెక్కపెట్టడం రాగానే పిల్లలు నన్ను మరిచిపోయేవాళ్ళు. నాకు కష్టంగా ఉండేది. నిండు నూరు పూసలున్నదాన్ని, నాతో ఇంకా ఎంత పని ఉందో ఎవరికీ పట్టదేమని.

పట్టించుకున్నది ఏడో తరగతి లెక్కల మాస్టారు. పిల్లలు శాతం సూత్రం బట్టీపట్టి పరీక్ష గట్టెక్కుతున్నారు, అంగట్లో తెల్లమొహం వేస్తున్నారు. ఆయన బాధ అది. ఒకరోజు నన్ను బల్ల మీద నిలబెట్టి, "శాతమంటే నూటికి. నూరు ఇదిగో" అన్నారు.

పత్తి తీతల కాలం. 2022-23లో పొడుగు పింజ పత్తి మద్దతు ధర క్వింటాకు 6,380 రూపాయలు. తేమ 8 శాతం దాటితే ఒక్కో శాతానికి ధరలో ఒక్కో శాతం కోత. 12 దాటితే మద్దతు ధరకు పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ కొనదు. సగం మంది పిల్లల ఇళ్ళలో పత్తి కుప్పలున్నాయి. అయినా మీటరు 11 చూపిస్తే క్వింటాకు ఎంత పోతుందంటే, "మూడు రూపాయలు సార్" అన్నాడొకడు.

మాస్టారు మూడు పూసలు పక్కకు జరిపారు. "మొత్తం ధర ఈ నూరు పూసలకీ పంచు. ఒక్క పూస ఖరీదెంత?"

63 రూపాయల 80 పైసలు. మూడింటికి 191 రూపాయల 40 పైసలు. వాడు కాసేపు నావైపే చూసి, "పది క్వింటాళ్ళకి 1,914! ఇంకో రెండెండలు ఎండబెట్టమని మా నాన్నకి చెప్తా" అన్నాడు. ఒక్క పూస ఖరీదు తేలితే ఎన్ని పూసలదైనా తేలుతుంది. శాతం నేర్పడానికి ఇంతకన్నా మంచి దారి నేనెరగను.

ఇంకోరోజు బట్టల కొట్టు లెక్క. వెయ్యి రూపాయల చీరకు 20 శాతం పెంచి, పండక్కి 20 శాతం తగ్గిస్తే మళ్ళీ వెయ్యేనని అందరూ అన్నారు. 960 అని తేలాక గది నిశ్శబ్దమైంది. పెంచినప్పుడు నా నూరు పూసలూ కలిసి వెయ్యి, తగ్గించినప్పుడు పన్నెండొందలు. "శాతం కనపడితే దేంట్లో నూటికని ముందు అడగండి" అని మాస్టారు ఏడాది పొడుగునా చెప్పారు.

చివరి పాఠం వడ్డీ. మన ఊళ్ళల్లో రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు నూటికి రెండు. పుస్తకంలో వడ్డీ ఏడాదికి. మాస్టారు పిలిస్తే మూడో బెంచీ అమ్మాయి వచ్చింది. "నెలకు రెండు పూసలు జరుపమ్మా." జనవరి, ఫిబ్రవరి అంటూ జరిపింది. రెండు తీగలు పూర్తయి, మూడో తీగ మీద నాలుగో పూస దగ్గర ఆ వేలు ఆగింది. ఇరవై నాలుగు.

"సార్, మిరపతోట కౌలుకి మా ఇంట్లో యాభై వేలు తెచ్చారు" అంది. ఒక్క పూస 500. తనే లెక్క కట్టింది: 12,000. పూస మీంచి వేలు తీయలేదు.

మరుసటి ఏడు మాస్టారికి బదిలీ అయింది. గోడకు టీవీ బిగించారు. దాని మీద నాకు కోపం లేదు, అందులో బొమ్మలు బాగుంటాయి. నన్ను మాత్రం విరిగిన బెంచీల గదిలో తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టారు. తలుపు దెబ్బకు పదో తీగ ఊడి ఏడు పూసలు దొర్లిపోయాయి. ఆ చప్పుడు విన్నవాళ్ళు కూడా వంగి ఏరలేదు. రెండు పూసలు గుమ్మం సందులో ఇప్పటికీ కనపడుతున్నాయి.

వానాకాలం తేమకు తీగలు తుప్పుపట్టాయి. ఆ అమ్మాయి జరిపిన పూసలు జరిపినట్టే బిగుసుకుపోయాయి. నాకిప్పుడు ఉన్నవి 93. ఆ 24 నూటికి 24 కావు, దాదాపు 26.