22 గంటలు

హనుమకొండలో పళ్ల డాక్టరమ్మ దగ్గరికి భార్యను వెంటబెట్టుకొచ్చే మగవాళ్లు తక్కువ. ఆయన వచ్చాడు. భార్య చేతిసంచి తన ఒళ్లో పెట్టుకుని పక్కనే కూర్చున్నాడు.

"తీగలు వద్దు మేడమ్, బళ్లో పిల్లలు నవ్వుతారు. బయటికి కనపడని ట్రేలు ఉన్నాయట కదా, ఇన్విజలైన్. అమెరికాలో 1999 నుంచి వాడుతున్నారట. ఖర్చుకు చూడకండి. ఈమె మళ్లీ నవ్వాలి."

ఆమె టీచరు. పై వరుసలో ముందు పన్ను పక్కది లేదు. "ఎట్ల పోయిందమ్మా?" అని డాక్టరమ్మ ఆమెనే అడిగింది.

"మెట్ల మీద జారింది," అన్నాడు ఆయన. ఆమె తలూపింది.

పన్ను పోయి మూడేళ్లు. ఒక్క పన్నే కదా అని చాలామంది వదిలేస్తారు. నోట్లో ఖాళీ ఖాళీగా ఉండదు. పక్క పళ్లు అందులోకి ఒరుగుతాయి, కింద ఎముక తరిగిపోతూ ఉంటుంది. ఈమె కోరపన్ను అప్పటికే సగం చోటు ఆక్రమించింది. ఇంప్లాంట్ పెడదామంటే జాగా చాలదు. ముందు ఎలాగోలా అది పెట్టేసి తర్వాత పళ్లు సరిచేద్దామన్నా కుదరదు, ఎముకతో ఒకటైపోయిన ఇంప్లాంట్‌ను ఏ ట్రే కదిలించలేదు. మొదట పళ్లు జరిపి చోటు చేయాలి, కొత్త పన్ను ఆ తర్వాతే.

నోరంతా స్కాన్ చేసి ట్రేలు తెప్పించింది డాక్టరమ్మ. ఒక్కో ట్రే పంటిని పావు మిల్లీమీటరు జరుపుతుంది, అంతకు మించి కాదు. పన్ను లేని చోట ట్రేలోనే పన్ను ఆకారంలో గూడు ఉంటుంది, అందులో పంటి రంగు నింపుతారు. పెట్టుకుంటే లోటు కనపడదు. మొదటి ట్రే పెట్టుకుని అద్దంలో చూసుకుంటూ ఆమె నవ్వింది. అలవాటుగా నోటికి అడ్డం రాబోయిన చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

"రోజుకు 22 గంటలు ఉండాలమ్మా. తిండికీ, పళ్లు తోముకోవడానికీ తప్ప తీయొద్దు."

మూడు నెలలకే లెక్క తప్పింది. కోరపన్ను మీద ట్రే సరిగా కూర్చోవడం లేదు, అంచు దగ్గర సందు కనపడుతోంది. ఒత్తిడి ఆగకుండా ఉంటేనే పంటికి ఒక పక్క ఎముక కరిగి రెండో పక్క కొత్తది కడుతుంది. మాటిమాటికీ తీసేస్తే పన్ను వెనక్కే పోతుంది.

"కొన్ని రాత్రులు తీస్తున్న మేడమ్," అంది.

నొప్పా? కాదు. నిద్ర పట్టడం లేదా? అదీ కాదు. ఇంకో మాట రాలేదు. మళ్లీ స్కాన్, మళ్లీ కొత్త ట్రేలు. డబ్బు ఆయనే కట్టాడు, కొంచెం కూడా విసుక్కోలేదు. అలాంటి భర్త దొరికితే ఏ ఆడదైనా అదృష్టవంతురాలేనని నర్సులు చెప్పుకున్నారు.

ఏడాదిలో అయ్యేది ఏడాదిన్నర పట్టింది. అయితేనేం, కోరపన్ను తన చోటికి తాను వెళ్లింది. ఎక్స్‌రేలో వేర్లు కూడా ఎడంగా, నిటారుగా ఉన్నాయి. డాక్టరమ్మకు ఆ రోజు ఎంత సంతోషమో!

"కష్టం గట్టెక్కిందమ్మా. ఎముకలో టైటానియం స్క్రూ బిగించి, అది కుదురుకున్నాక పైన పన్ను పెడతాం. ఇక పగలూ రాత్రీ తీసే పనే ఉండదు."

ఆమె తలుపు వైపు చూసింది. ఆయన బయట ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"వద్దు మేడమ్. తీయనొచ్చేదే ఇయ్యండి."

"ఇన్నాళ్లు కష్టపడింది దీనికోసమే కదమ్మా?"

"ఆయన తాగొచ్చిన రాత్రి తీసి బియ్యం డబ్బాల దాస్తున్న. మొదటి పన్ను తీసి దాచుకునేది కాదాయె."